పాత్రధారణ ప్రధానములైన అక్షరక్రీడలు

కంప్యూటరు తెరపై చిత్రములు గాని ధ్వనులు గాని లేక, కేవలము వ్రాతవలననే ఒక కల్పితలోకము నిర్మింపబడి, దూరదేశములందున్న పలువురు ఏకకాలమున అందు ప్రవేశించి, తాము సృష్టించుకొన్న పాత్రల తరఫున మాటలాడుచు, చేష్టలొనర్చుచు, కథను తమలో తామే నడపుకొను క్రీడలు ఈ వ్యాసమునకు విషయము. వాడుకలో వీనిని మడ్, మష్, మక్, మూ అను పొట్టిపేర్లతో వ్యవహరింతురు. రాక్షసులను సంహరించి ధనము కూడబెట్టుటయే ముఖ్యమైన అక్షరక్రీడలు సంఖ్యలో అధికములే గాని, వానినుండి వేరుపడి, పాత్రయొక్క స్వభావమును నిలువబెట్టుటయే పరమప్రయోజనముగా ఎంచుకొన్న శాఖ చరిత్ర మిక్కిలి ఆసక్తికరము, విమర్శకుల దృష్టికి తగినంతగా రానిదియును.

క్రీడాకారుడు తన పాత్రను ఒక గదిలోనికి నడపినంతనే ఆ గది వర్ణనము, అందలి వస్తువులు, అచ్చట నిలిచియున్న ఇతర పాత్రల ఆకృతులు తెరపై వరుసగా ప్రత్యక్షమగును. చూచుటకు ‘లుక్’, పలుకుటకు ‘సే’, నడచుటకు ‘నార్త్’, ‘సౌత్’ వంటి ఆదేశములు కలవు. వీనిలో పాత్రధారణకు ప్రాణభూతమైనది ‘ఎమోట్’ లేక ‘పోజ్’ అను ఆదేశము. దీని తరువాత క్రీడాకారుడేమి వ్రాసినను అది అతని పాత్రపేరుతో మొదలగు వాక్యమై గదిలోని వారందరికిని కనబడును. తలుపు తెరువుమన్నను, కత్తి తీయుమన్నను యంత్రము గ్రహించి ఫలితము చెప్పవలసియుండును. పోజ్‌లోని వాక్యమునకు మాత్రము యంత్రము వాహకమే కాని శ్రోత కాదు. దాని అర్థము ఎదుటి మనుష్యునకు తెలిసిన చాలును. ఈ ఒక్క సదుపాయమువలన ఒక గణనయంత్రముపై రంగస్థలము వెలసినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

భరతుని నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని చతుర్విధముగ విభజించినది. ఈ క్రీడలయందు అంగములు లేవు, వేషములు లేవు, కంపస్వేదాదులు లేవు. కనుబొమ ముడుచుట మొదలు కంట తడిపెట్టుట వరకు సమస్తమును వాచికమే మోయవలెను. అంతేకాదు, ఇచ్చట ప్రేక్షకులు ప్రత్యేకముగా లేరు. గదిలోనున్న ప్రతివాడును నటుడే, ప్రతివాడును సహృదయుడే. ఎదుటివాడేమి వ్రాయునో ముందుగా తెలియకయే, అతడు వ్రాసిన కొలది నిమిషములలో దానికి తగిన ప్రత్యుత్తరమును తన పాత్రయొక్క పూర్వచరిత్రకు, ఆనాటి సన్నివేశమునకు భంగము రాకుండ కూర్చవలెను. ఆశుకవిత్వము నెరిగిన మన పాఠకులకు ఈ శ్రమ ఎట్టిదో వివరింపనక్కరలేదు.

ఈ క్రీడలకు రెండు వంశములనుండి లక్షణములు సంక్రమించినవి. మొదటిది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట. ఒక బల్లచుట్టును మిత్రులు కూర్చుండి, ఒకడు కథానిర్వాహకుడుగా, తక్కినవారు పాత్రధారులుగా, పాచికల సహాయముతో కథ నడపుట దాని పద్ధతి. రెండవది విల్ క్రౌథర్ 1975-76 ప్రాంతమున రచింపగా 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన ‘అడ్వెంచర్’ అను ప్రోగ్రాము. క్రౌథర్ గుహాన్వేషకుడు, కెంటకీ రాష్ట్రమునందలి మామత్ గుహలను తాను చూచిన విధమున మాటలలో వర్ణించి, అందు ఆటగాడొక్కడే సంచరించునట్లు ఏర్పరచెను. మొదటిదానిలో మనుష్యులు కలరు, యంత్రము లేదు. రెండవదానిలో యంత్రము కలదు, తోడి మనుష్యులు లేరు.

ఈ రెండును ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున కలిసినవి. 1978లో రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి అచ్చటి డెక్ పిడిపి-10 యంత్రముపై ‘మల్టీ యూజర్ డంజన్’ అను ప్రోగ్రామును ఆరంభించెను. అతడు విశ్వవిద్యాలయమును విడిచిన పిమ్మట 1980 నుండి రిచర్డ్ బార్టిల్ దానిని పూర్తిచేసెను. దాని తొలి అక్షరములనుండియే ‘మడ్’ అను జాతినామము పుట్టినది. నిధులను తెచ్చి బురదకుంటలో విడిచి అంకములు సంపాదించుట, చివరకు మాంత్రికపదవి నందుట దాని క్రమము. పాత్రధారణ అందు ప్రధానము కాదు. అయినను పుట్టుకతో నిమిత్తము లేకుండ మనుష్యుడు తన గుణముచే గుర్తింపబడు లోకమొకటి కావలెనను కోరిక, బ్రిటిషు సమాజములోని వర్గభేదములపై అసహనము, ఆ నిర్మాణమునకు ప్రేరకములైనవని బార్టిల్ తరువాతి కాలమున పలుమార్లు చెప్పియున్నాడు. వేరొక వ్యక్తిగా బ్రదుకవచ్చునను ఆశ తొలినాటినుండియే ఈ క్రీడయందు నిక్షిప్తమై యున్నదనుటకు ఇది నిదర్శనము. 1987లో వేల్స్ దేశపు అబరిస్ట్‌విత్‌లో ఆలన్ కాక్స్ రచించిన అబర్‌మడ్, 1989లో స్వీడనులో లార్స్ పెన్షో రచించిన ఎల్‌పీమడ్, 1990-91లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఐదుగురు రచించిన డీకూమడ్ వరుసగా ఈ సంప్రదాయమును ప్రపంచమందలి విశ్వవిద్యాలయముల కెల్ల వ్యాపింపజేసినవి.

అసలైన మలుపు వచ్చినది ఒకదానిని తొలగించుటవలన. 1989 ఆగస్టులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఆస్ప్‌నెస్ అను పరిశోధకవిద్యార్థి ‘టైనీమడ్’ అను చిన్న ప్రోగ్రామును వ్రాసి, అందునుండి యుద్ధమును, అంకములను, విజయమును తీసివేసెను. దానికి మారుగా ప్రవేశించిన ప్రతివానికిని గదులు కట్టుకొను అధికారము నిచ్చెను. గెలుపు లేని ఆటలో జనులేమి చేయుదురు? మాటలాడుదురు, ఇండ్లు కట్టుకొందురు, క్రమముగా తమకు తాము పేరులు, చరిత్రలు, బంధుత్వములు కల్పించుకొందురు. ఆ మొదటి టైనీమడ్ కొలది మాసములకే తన బరువును తాను మోయలేక మూతపడినది గాని, దాని సంతానము శీఘ్రముగ వృద్ధిచెందినది. 1990లో లారీ ఫోర్డ్ రచించిన మష్, అదే సంవత్సరమున స్టీఫెన్ వైట్ రచించిన మక్, మూ అనునవి ఆ సంతానములో ముఖ్యములు. మష్‌నందు సామాన్య క్రీడాకారుడుసైతము ఆట నడచుచుండగనే చిన్నచిన్న ప్రోగ్రాములు వ్రాసి వస్తువులకు ప్రవర్తన కల్పింపగలుగుట గొప్ప విశేషము.

పాత్రధారణకు మష్ జన్మస్థలము కాకున్నను పెంపుడిల్లు. ఆన్ మెకాఫ్రీ నవలలలోని పెర్న్ అను గ్రహమును ఆశ్రయించి పెర్న్‌మష్, టోల్కీన్ సృష్టించిన మధ్యభూమిని ఆశ్రయించి ఎలెండర్ 1991లో వెలసినవి. పెర్న్ లోకమునందు మహాసర్పములవంటి డ్రాగనులు గ్రుడ్డు పగిలి వెలికివచ్చిన క్షణముననే ఎదుట నిలిచిన యువతీయువకులలో ఒకరిని ఎన్నుకొని వారితో ఆజన్మము మనస్సంబంధము కలిగియుండును. ఈ ఉత్సవమును పెర్న్‌మష్‌లో వారములకొలది సన్నాహముతో జరుపుచుండిరి. ఎవరికి ఏ డ్రాగను లభించునో నిర్వాహకులు గోప్యముగ నిర్ణయించి, ఆ జంతువు పలుకబోవు తొలిపలుకును, దాని రంగును, స్వభావమును విపులముగ వ్రాసియుంచెడివారు. ఎన్నికగాని అభ్యర్థి పాత్రకును ఆ నాటినుండి ఒక దుఃఖము, ఒక కథ దొరకెడిది. ఇట్టి సందర్భములు పరిశీలించినపుడు, ఈ క్రీడలను ఇతర కంప్యూటరు క్రీడలతో ఒక గాటకట్టుట ఎంత అసమంజసమో తేటపడును. ఓడినవానికిని సమానమైన పాత్ర లభించు ఆటలు అరుదు.

ఈ సమాజములలో కాలక్రమమున ఒక అలిఖిత ధర్మశాస్త్రము రూపొందినది. దానిలో ప్రథమసూత్రము పాత్రకును పాత్రధారికిని గల భేదమును పాటించుట: పాత్రగా పలుకునది ఒకటి, పాత్ర వెలుపల పలుకునది వేరొకటి. పాత్రధారికి తెలిసిన రహస్యము పాత్రకు తెలియరాదు. పాత్రలకు గల వైరము పాత్రధారుల నంటరాదు. రెండవ సూత్రము మరింత సూక్ష్మమైనది. ఒకడు మరియొకనిపై చేయు క్రియను ప్రయత్నముగా మాత్రమే వ్రాయవలెను, ఫలితమును వ్రాయరాదు. ‘అతని చెంపపై కొట్టబోయెను’ అని వ్రాయవచ్చును. ‘కొట్టగా అతడు నేలకొరిగెను’ అని వ్రాసినచో అది పవర్‌పోజ్ అను దోషము, ఏలయన ఎదుటివాని పాత్రపై అధికారము ఎదుటివానిదే. ఎదుటివాని మనస్సులోని భావమును తానే వ్రాయుటయు ఇట్టి దోషమే. జనసమ్మర్దముగల సన్నివేశమునందు ఎవరి తరువాత ఎవరు వ్రాయవలెనను క్రమము, ముగ్గురు వ్రాసిన పిదప గాని మరల వ్రాయరాదను నియమము కూడ కొన్నిచోట్ల కలవు. ఇవి చిన్న మర్యాదలవలె కనబడును గాని, అన్యుని స్వాతంత్ర్యమును భాషాస్థాయిలోనే గౌరవించుట యెట్లో ఇంత స్పష్టముగ నేర్పిన వినోదము మరియొకటి ఈ వ్యాసకర్త దృష్టికి రాలేదు.

ఫలితము మాటెట్లు? పాత్రలు పోట్లాడినపుడు జయాపజయముల నిర్ణయము ఈ క్రీడలకు నిత్యసమస్య. కొన్ని సమాజములు ఉభయుల సమ్మతియే ప్రమాణమన్నవి. దానివలన సౌహార్దము నిలిచినది కాని, అపాయము లేక కథలు చప్పబడినవి. 1991లో వెలువడిన ‘వాంపైర్: ది మాస్కరేడ్’ అను ఆటను అనుసరించి వెలసిన అనేక మష్‌లు పాచికలను, మధ్యవర్తులను ఆశ్రయించినవి; అచ్చట నిర్వాహకుల పక్షపాతమును గూర్చిన తగవులు సన్నివేశములకంటె దీర్ఘములైనవి. మూడవ మార్గము యంత్రమునకే తీర్పు నప్పగించుట. 1991లో ఆరంభమైన ‘ఆర్మగెడాన్’ ఇందుకు ప్రసిద్ధోదాహరణము. నీరు మిక్కిలి అరుదైన ఒక ఎడారిలోకము దాని రంగము. అచ్చట పాత్ర మరణించినచో మరల బ్రదుకదు. రెండేండ్లు పెంచుకొన్న పాత్రయైనను ఒక్క రాత్రిలో శాశ్వతముగ పోవును. పాత్రలు ఒండొరులకు పేరులతో గాక, ‘పొడవైన, మచ్చలుగల మనుష్యుడు’ అనునట్టి ఆకృతివర్ణనలతో మాత్రమే కనబడుదురు. అందువలన ఎదుటివాడు తన పేరు చెప్పినగాని తెలియదు, చెప్పినది నిజమో కాదో అప్పటికిని తెలియదు. తెలియని భాషలో ఎవరైన మాటలాడిన అక్షరములు కలగాపులగమై కనబడును. మృత్యుభయమును అపరిచితత్వమును ఇట్లు ప్రోగ్రాములోనే నేసినందున, ఒక గ్రుక్కెడు నీరిచ్చుట కూడ ఆ లోకమున ఘట్టమగును.

కల్పితలోకముల పరిపాలనకు సంబంధించి లాంబ్డామూ అను లోకముయొక్క చరిత్ర విస్తరముగ చెప్పదగినది. జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ దీనిని 1990 అక్టోబరు 30న తెరచి, దాని కేంద్రభాగమును కాలిఫోర్నియాలోని తన ఇంటి నమూనాపై వర్ణించెను. జనాభా వేలకు పెరిగి తగవులు మితిమీరగా, 1992 డిసెంబరులో అతడు ఒక ప్రకటన వెలువరించి, ఇకమీదట మాంత్రికులనబడు నిర్వాహకులు సాంఘిక వివాదములలో తీర్పులు చెప్పరని తేల్చెను. కొలది మాసములకే, 1993లో, మిస్టర్ బంగిల్ అను పాత్రను ధరించినవాడొకడు, ఇతర పాత్రలచేత వారి ప్రమేయము లేకయే హేయకృత్యములు చేయించినట్లు వాక్యములు పుట్టించు ఒక ఉపకరణమును ప్రయోగించి, పలువురిని బహిరంగముగ అవమానించెను. పైని చెప్పిన రెండవ సూత్రమును ఇంతకంటె ఘోరముగ భంగపరచుట సాధ్యము కాదు. బాధితులు అనుభవించిన వ్యథ కల్పితము కాదని ఆ సమాజమున కానాడే బోధపడినది. వాద ప్రతివాదముల పిమ్మట ఒక మాంత్రికుడు ఆ పాత్రను నిర్మూలింపగా, కర్టిస్ అటుపిమ్మట అర్జీలతోను ఓట్లతోను కూడిన ప్రజాపద్ధతిని ఏర్పరచెను. జూలియన్ డిబ్బెల్ 1993 డిసెంబరున విలేజ్ వాయిస్ పత్రికలో ఈ ఉదంతమును ప్రకటించినపుడు, అక్షరక్రీడలను గూర్చి లోకమునకు గంభీరముగ తెలిసినది. ఆ ప్రజాపద్ధతి చిరకాలము నిలువలేదు. 1996లో మాంత్రికులు తిరిగి అధికారము స్వీకరించిరి.

వాణిజ్యమార్గమున నడచినవానిలో జీఈనీ అను ఆన్‌లైన్ సేవపై వెలసిన సిమ్యుట్రానిక్స్ సంస్థవారి జెమ్‌స్టోన్, 1996లో వచ్చిన డ్రాగన్‌రెల్మ్స్, 1997లో మాట్ మిహాలీ నెలకొల్పిన అకేయా, 2000లో స్కోటోస్ సంస్థ ప్రారంభించిన కాజిల్ మారాక్ ముఖ్యములు. తొలినాళ్లలో గంటల లెక్కన రుసుము చెల్లించి ఆడెడివారు. అకేయా నెలరుసుమును వదలి, ఆటలోని వస్తువులను నిజమైన ధనమునకు అమ్ము పద్ధతి నవలంబించినది. నేటి మొబైలు ఆటల ఆర్థికరూపమునకు ఇది తొలిరూపములలో ఒకటి.

1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చుటతో జనప్రవాహము చిత్రమయక్రీడలవైపు మరలినది. ఆ క్రీడలను నిర్మించినవారిలో పలువురు మడ్‌లలో పెరిగినవారే. అల్టిమా ఆన్‌లైన్ రూపకర్తలలో ముఖ్యుడైన రాఫ్ కోస్టర్ లెజెండ్‌మడ్ నుండి వచ్చినవాడు. ఎవర్‌క్వెస్ట్ డీకూమడ్‌ను ఎంతగా పోలినదనగా, అందలి ప్రోగ్రామును తాము వాడుకొనలేదని నిర్మాతలు ప్రమాణపూర్వకముగ ప్రకటింపవలసివచ్చెను. చిత్రమువలన లాభము స్పష్టము. నష్టము మాత్రము అంత స్పష్టముగ గుర్తింపబడలేదు: తెరపై బొమ్మ చేయగలిగిన చేష్టలు నిర్మాతలు ముందుగా గీసినన్ని మాత్రమే. బొమ్మ నవ్వగలదు, వంగగలదు, నర్తింపగలదు. నవ్వు ఆపుకొని గోడవైపు చూడవలెనన్న అది ఎవరో గీసి ఇయ్యవలసినదే. వాక్యమున కట్టి పరిమితి లేదు. పాత్రధారణ ప్రియులలో అనేకులు చిత్రలోకములను చూచివచ్చి మరల అక్షరమునే ఆశ్రయించుటకు కారణమిది.

మరియొక వర్గమువారు అక్షరక్రీడలను ఎన్నడును విడువలేదు. చూపులేనివారికి తెరమీది వ్రాతను చదివి వినిపించు స్క్రీన్‌రీడర్ సహాయమున ఈ లోకములు సంపూర్ణముగ తెరచియున్నవి. కన్నులున్నవానికిని లేనివానికిని ఒకే వాక్యము చేరును. రాజసభలో ఎదుట నిలిచిన మంత్రి చూపుగలవాడో కాడో ఎవరికిని తెలియదు, తెలియవలసిన అగత్యమును లేదు. మడ్‌లెట్ వంటి ఉచిత ఉపకరణములును, పలు మడ్‌ల నిర్వాహకులును స్క్రీన్‌రీడరు వాడుకరులకు ప్రత్యేక సౌకర్యములు ఏర్పరచియున్నారు. ఈ క్రీడలు కాలము చెల్లినవను వారు ఈ పాఠకవర్గమును లెక్కలోనికి తీసికొనుటలేదు.

నేడు పాత్రధారణ పలు రూపములుగ చీలియున్నది. 2015లో వచ్చిన డిస్కార్డ్‌లో వేర్వేరు గదులుగ విభజింపబడిన కథాసంఘములు విస్తారముగ కలవు. అందు ప్రవేశించు యువజనులలో మడ్ అను పేరైనను విననివారే అధికులు కావచ్చును, అయినను పవర్‌పోజ్‌ను గూర్చి వారు ఏర్పరచుకొన్న నియమములు ముప్పదియేండ్ల నాటివే. పైథాన్ భాషలో రచింపబడిన ఎవెన్నియా, రూబీ భాషలో రచింపబడిన ఆరెస్‌మష్ అను ఉచిత సాధనములు పాత సంప్రదాయమును వెబ్ బ్రౌజరులోనికి తెచ్చినవి. ఆరెస్‌మష్‌లో ఒక సన్నివేశమును ఒక్క కూర్చుండుటలో ముగింపనక్కరలేదు. ఉద్యోగము, సంసారము గల వారు దినమునకు రెండు మూడు పోజ్‌లు మాత్రమే వ్రాయుచు వారము పొడవున సాగించుకొనవచ్చును. విద్యార్థులుగ ఈ క్రీడలలో ప్రవేశించినవారు నడివయస్సునకు వచ్చిన ఈ కాలమున ఇది సమయోచితమైన సంస్కారము.

భవిష్యత్తును గూర్చిన చర్చలో నేడు ప్రధానమైనది యంత్రరచన. 2019లో నిక్ వాల్టన్ జీపీటీ-2 అను భాషానమూనాపై నిర్మించిన ఏఐ డంజన్, ఆటగాడు ఏమి వ్రాసినను దానికి కథారూపమైన ప్రత్యుత్తరము నిచ్చుట చూచి లోకమాశ్చర్యపడినది. ఎవెన్నియాలో కూడ కావలివాండ్రు, దుకాణదారులు మొదలగు ఉపపాత్రలచేత ఇట్టి నమూనాల సహాయమున మాటలాడించు భాగము చేర్చబడినది. జనము పలుచబడిన లోకములలో ఉపపాత్రలు పలుకనేర్చుట నిస్సంశయముగ మేలు. కాని ప్రధానపాత్రలను యంత్రమున కప్పగించుట వేరు మాట. కొన్ని సమాజములు యంత్రము వ్రాసిన పోజ్‌లను నిషేధించుటయు సకారణమే. యంత్రమునకు ఆ కథలో పోగొట్టుకొనునది ఏదియు లేదు. ఆర్మగెడాన్ ఎడారిలో నీరు పంచినవాడు తన పాత్రప్రాణమును పణముగ నొడ్డినాడు. పెర్న్ ఉత్సవమున డ్రాగనుకు నచ్చక మిగిలినవాడు నిజముగ నిరాశ చెందినాడు. ఎంత చక్కని వాక్యము వ్రాసినను యంత్రము ఆ రెండింటిలో ఏదియు చేయలేదు. కావున యంత్రము ఈ రంగమునకు తెరలు, దీపములు, పరిచారకులను సమకూర్చునే గాని ప్రధానపాత్రధారుల స్థానమును ఆక్రమింపజాలదని మా అభిప్రాయము.

లోకముల రక్షణ మరియొక చింత. ఒక మష్ నిర్వాహకుని అద్దెయంత్రము ఆగిపోయినచో ఇరువదియేండ్ల నగరము, అందలి వేల గదుల వర్ణనములు ఒక్కసారిగ అంతరించును. మిగులునవి క్రీడాకారులు దాచుకొన్న లాగ్‌లు, అనగా సన్నివేశముల లిఖితప్రతులు మాత్రమే.

తెలుగునకు ఈ చరిత్రలో స్థానమేమి అను ప్రశ్న మనకు సహజము. ఈ క్రీడలు నడచిన టెల్నెట్ మార్గము ఏడుబిట్ల ఆస్కీ లిపి కొరకు ఏర్పడినది. ఆ కాలముననే విదేశములందలి తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ చర్చలలో తెలుగును రోమన్ అక్షరములతో వ్రాసికొనుచుండిరి. 1991లోని యూనికోడ్ తొలిప్రతిలోనే తెలుగు లిపికి స్థానము లభించినను, మడ్ ప్రోగ్రాములు అక్షరమునకు ఒక్క బైటు చొప్పున లెక్కించునవి; యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టుటవలన పంక్తులు నడిమికి తెగిపోవును. ఇది దాటరాని అడ్డంకి కాదు. 1990ల నడుమ చైనీయులు జిన్ యోంగ్ వీరగాథలను ఆధారము చేసికొని తమ లిపిలో ఎల్‌పీమడ్‌లు నడపిరి. కొరియావారు 1994 నాటికే తమ భాషలో వాణిజ్యమడ్‌లు నెలకొల్పిరి. లిపిసమస్యను ఎవెన్నియా వంటి నేటి సాధనములు పూర్తిగ పరిష్కరించినవి. మిగిలినది వ్యాకరణసమస్య.

ఇంగ్లీషు ఆదేశమునందు క్రియ ముందు వచ్చును. తెలుగున ‘తలుపు తెరువు’ అని క్రియ కడపట నిలుచును. పోజ్‌లో ఎదుటివాని పేరును చూపరి కంటికి తగిన ఆకృతివర్ణనగా మార్చు ప్రోగ్రాము ఇంగ్లీషున నామమును యథాతథముగ అతికించిన చాలును. తెలుగున ‘పొడవైన మనుష్యుడు’ అనునది సందర్భమునుబట్టి ‘మనుష్యుని’, ‘మనుష్యునకు’, ‘మనుష్యునితో’ అని మారవలెను. ఒకే క్రియ చేసినవానికి ‘పలికితివి’ అనియు, చూచినవారికి ‘పలికెను’ అనియు, చేసినవాడు పెద్దయైనచో ‘పలికిరి’ అనియు కనబడవలెను. చిన్నవాని ‘నీవు’, పెద్దవాని ‘మీరు’ పాత్రల వయస్సునుబట్టియు, పదవినిబట్టియు మారుచుండును. ఆదేశాంతమున క్రియను వెదకు పార్సరు, నామమునకు విభక్తి చేర్చు ప్రక్రియ, పాత్రల నడుమ మర్యాదను నమోదుచేయు పట్టిక, ఈ మూడును పైథాన్ నేర్చిన విద్యార్థులు కొందరు కూడి వ్రాయదగిన పనులే, మూలసాధనమైన ఎవెన్నియా ఉచితముగ లభించుచునే యున్నది.